మూలలో నాలుక

వాల్పరైసోలో కొండెక్కే తాడుబండి
పైమెట్టు పక్కన నిబాల్దో కొట్టు.
పటాలకు చట్రాలు కడతాడు.
గోడలు ఊగే ఊరు ఇది.
పటం పడితే పగిలేది అద్దమే,
కానీ ముందే విడిపోయేది మూల.

సోమవారం ఊబెర్లిండా వచ్చింది,
రేవులో చేపలు కోసే మనిషి, ముంజేతికి ఇంకా పొలుసులు.
సంచిలోంచి నాలుగు కర్రలు తీసి బల్ల మీద పరిచింది.
"మేకులు కొట్టి ఇచ్చెయ్యి, చాలు."

అప్పటికే వాటిలో ఏడు మేకులున్నాయి.
ఎవరు కొట్టారని నిబాల్దో అడగలేదు.
కొట్టినవాడి కోపం చెక్క మీదే ఉంది:
ఒక్కోటీ ఒక్కో దిక్కుకు వంగి
నార పొడుగునా చీల్చుకుంటూ పోయింది.
ఆరింటిని పీకాం. ఏడోది లోపలే విరిగింది.

చీలికలు పూడ్చి, ముఖాలు చిత్రిక పట్టాక
నా వేలు తీసుకుని కోసిన వైపు రాయించాడు.
"గరుకుగా ఉందా? ఇవన్నీ నోళ్ళు.
చెట్టు నీళ్ళు తాగిన గొట్టాలు. చచ్చినా దాహం పోలేదు.
నువ్వు పూసిన జిగురంతా మింగేసి
అతుకు దగ్గర ఖాళీ చెయ్యి చూపిస్తాయి.
ముందు పల్చగా కలిపి ఒక పూత తాగించు.
చిక్కటిది ఆ తర్వాత."

తాగించాను. ఆగాను.
ఆగడమే ఈ పనిలో నాకు రానిది.

ఇటు నలభై అయిదు, అటు నలభై అయిదు,
కాగితం మీద లెక్క కుదురుతుంది.
చెక్కకి లెక్కలు రావు.
జులై చెమ్మకి వెడల్పు ఉబ్బుతుంది, పొడుగు కదలదు,
మూల బయటివైపు నోరు తెరుస్తుంది.
జనవరి ఎండకి కుంచించుకుపోయి లోపలివైపు.

తాడు చుట్టి బిగించి
రెండు కర్ణాలూ పుల్లతో కొలిచాం. వెంట్రుకవాసి తేడా.
"అది నాదీ కాదు నీదీ కాదు, ఈ గాలిది" అన్నాడు.

మర్నాడు చట్రాన్ని మూల మీద నిలబెట్టి
రంపం నా చేతికిచ్చాడు.
నిన్న అతికిందాన్ని ఇవాళ కోయడమా?
"కొయ్యి. విరిగిన మేకు తప్పించి కొయ్యి."

ఆ గాట్లోకి ఎర్రటి రౌలీ బద్ద,
అట్టముక్కంత పల్చన,
నార ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి.
మూలకొక నాలుక.
మిగిలిన కొసల్ని ఉలితో
మూల నుంచి లోపలికే చెక్కాలి.
ఎదురు చెక్కితే మూలే ఊడొస్తుందని
ఒకటి ఊడొచ్చాక తెలిసింది.

తెల్ల చెక్కలో ఎర్రగీత.
రంగేసి దాచేద్దామా అన్నాను.
ముసలాయనకి ఆ చెవి వినబడదు.

గురువారం ఆమె గీతని గోరుతో గీకి చూసింది.
పటంలో తనే. పంతొమ్మిదేళ్ళు,
తనకంటే పొడుగాటి తెడ్డు, తడిసిన జుట్టు, గెలిచిన నవ్వు.
"మేకులేవీ?"
ఆరు లెక్కపెట్టింది. తలెత్తింది.
"ఇంకోటి లోపలుంది" అన్నాను.
"ఉండనీ. ఎక్కడుందో నాకు తెలుసుగా."

ఏప్రిల్‌లో ఒక రాత్రి ఊరు ఊగింది.
తెల్లారేసరికి ఊబెర్లిండా గుమ్మంలో ఉంది.
"పడింది."
"మూల?"
"మూలకేం కాలేదు. గోడలో మేకు ఊడింది."

"గోడలు నా పని కాదు" అంటూనే
డబ్బాలోంచి పొడుగాటి మరమేకు వెతికి
ఆమె అరచేతిలో పెట్టాడు. దానికి డబ్బు తీసుకోలేదు.
అద్దానికి మాత్రం
పైసాతో సహా తీసుకున్నాడు.