ఏడు దాకా

గ్రిమ్స్‌బీ గాలికి చేపల వాసన ఇంకా వదల్లేదు.
ఉదయం ఎనిమిదీ నలభైకి
పిల్లలందరూ తల్లుల చేతులు విదిలించుకుని లోపలికి పరిగెడతారు.
కోర్బిన్ మాత్రం గేటు ఊచ వదలడు.

నా మెడలో బడివాళ్ళిచ్చిన నీలం పట్టీ,
దానికి నా ఫొటో: సహాయకురాలు, నాలుగో తరగతి.
మొన్న నా మోచేయి కొరికాడు. నిన్న కుర్చీ విసిరాడు.

అలాంటి ప్రతిసారీ ఒక కాగితం నింపాలి. మూడు గళ్ళు.
ముందేమైంది, ఏమైంది, తరవాతేమైంది.
మొదటి గడిలో ఎప్పుడూ "ఏమీ లేదు" అని రాసేదాన్ని.
అది అబద్ధమని తెలిసేసరికి అక్టోబరు వచ్చింది.
ముందు, వాడు మూడు ఇళ్ళు మారాడు.
ముందు, రాత్రి ఎవరో తలుపు బాదారు.
ముందు, ఇవాళ ఫైర్ అలారం మోగించి చూస్తామని
వాడికొక్కడికీ ఎవరూ చెప్పలేదు.
ఇంత రాయడానికి ఆ గడి చాలదు.

మొక్కై వంగనిది మానై వంగునా అని
బెత్తం ఊపుతూ అనేవారు మా లెక్కల మాస్టారు.
అయ్యా, వీడు మొక్కా కాదు మానూ కాదు.
తొమ్మిదేళ్ళవాడు.
వంచడానికి నాకు జీతమివ్వడం లేదు.

మంగళవారం కొత్త టీచరొచ్చి వాడి పేరు తప్పు పిలిచింది.
వాడు బల్ల కిందికి దూరాడు.
నేనూ వెళ్ళాను, మోకాళ్ళు టక్కుమంటుంటే.
కింద ఎండిన చూయింగ్ గమ్ముల నక్షత్రమండలం,
మూత లేని స్కెచ్ పెన్ను, వాడి ఎడమకాలి బూటు.
"పో," అన్నాడు.
"పోను. మాట్లాడను కూడా."
ఇసుక గడియారం నాలుగుసార్లు తిప్పాను.

భయమేస్తే నేను తెలుగులో లెక్కపెట్టుకుంటాను.
పెదాలు దాటి వినిపిస్తోందని తెలియలేదు.
"అదేంటి మిస్?"
"అంకెలు."
"మళ్ళీ అను."
ఒకటి. రెండు. మూడు.
వాడి నోట్లో నాలుగు నలిగింది, అయిదు తడబడింది.
ఏడు మాత్రం అచ్చం మా ఒంగోలువాడిలా పలికాడు.

ఆ మాటకి మాలో ఇంకో అర్థం ఉంది.
చెప్పలేదు.
"ఏడు," అన్నాడు మళ్ళీ, మెల్లిగా.
ఎనిమిదికి వెళ్ళలేదు.
స్వెటర్ చెయ్యి నోట్లో కుక్కుకున్నాడు, చప్పుడు రాకుండా.
నేను బల్ల కాలు వైపు చూస్తూ కూర్చున్నాను.
ఎవరైనా చూస్తుంటే అది రాదు, నాకు తెలుసు.

మూడో గడిలో రాశాను: ఏడు దాకా లెక్కపెట్టాం.
హెడ్ టీచర్ మిసెస్ హాల్‌గార్త్ చదివి,
"బావుంది, ఈసారి పది దాకా ప్రయత్నించండి" అన్నారు.

గురువారం కుర్చీ మళ్ళీ లేచింది.
కిటికీకి తగల్లేదు, అంతే.
చాలాసేపటికి వాడే వెళ్ళి దాన్ని నిలబెట్టి,
నా వైపు చూడకుండా,
"మిస్, దాని తరవాతది ఏంటి?" అన్నాడు.