డెబ్బై రెండు కుర్చీలు

మస్కట్‌ల పెద్ద హాలు. ఏసీకి చెవులు గడ్డకడ్తయి.
పొద్దుగాల ఆరింటికే రూవీ బస్సు దిగి
డెబ్బై రెండు కుర్చీలేస్త నేను,
నెలవంక లెక్క, ఒకదాని మోకాలు ఇంకోదానికి తాకకుంట.
కాగితాల స్టాండ్లు మాత్రం నలభయ్యే:
ఫిడేలోళ్ళు ఇద్దరికొకటి పంచుకుంటరు.
పెద్ద డ్రమ్మాయన నిలబడ్తడు, ఆయనకు కుర్చి దండుగ.

ఇయ్యాల రిహార్సలు. ఇంగ్లండు మార్చ్ అంట.
మొదట్లనే ఉరుకుడు.
ఎన్క కుక్కలు పడ్డట్టు ఫిడేళ్ళు,
కింద బోద ఫిడేళ్ళు దబదబ మెట్లు దిగుతున్నయి,
మధ్యల దూరి ఇత్తడి బాకాల జబర్దస్తు.
నేను తెర పక్కన, చేతిల తుడుపు గుడ్డ.
మా క్యాంపుల నాలుగున్నరకు నల్లా కాడి లైను యాదికొచ్చింది.
అదీ మార్చే. బాజా లేదు, గంతే.

అటెన్క ఒక్కసారి అంత సల్లబడ్డది.
ఫిడేళ్ళు అడుగు తీగ మీద, గొంతు తగ్గించి,
ఒక పాట ఎత్తుకున్నయి.
నా చేతిల గుడ్డ ఆగింది.

గిది నాకెరుక.

మెట్‌పల్లిల హైదర్ మాస్టర్ బ్యాండుల
పదకొండేండ్లు పెద్ద డ్రమ్ము మోసిన.
భుజమ్మీద తోలుపట్టి కాయ ఇప్పటికుంది.
మాస్టర్‌కు ఈ పాట సికింద్రాబాద్ పల్టన్ పింఛనాయన నేర్పిండు,
ఆయనకెవరు నేర్పిండ్రో అడిగే తెలివి మాకెక్కడిది.
"అప్పగింతల పాట" అనెటోళ్ళం,
పిల్ల జీపెక్కంగ వాయించెటోళ్ళం.
మాస్టర్ క్లారినెట్ మీద సాగదీసి సాగదీసి
"ఏడ్పియ్యిరా, ఆడిబిడ్డ పోతుంది" అని కండ్లతోని చెప్పెటోడు.
ఏడ్చెటోళ్ళు. పిల్లగాని తరపోళ్ళు సుత ఏడ్చి
నూర్రూపాయల నోట్లు పిన్నుతోని గుచ్చెటోళ్ళు.

ఇక్కడ తెల్లమీసాల దొర పుల్ల కొట్టి ఆపిండు.
"సాగదీయకుండ్రి. ఇది దుఃఖం కాదు, నడక"
అన్నట్టుంది, నా ఇంగ్లీషుకు అందినంత.
మళ్ళ మొదలువెట్టిండ్రు. అప్పుడు దొరికింది నాకు:
అడుగు అదే, ఎడమ కుడి, ఎడమ కుడి,
ఉరికినప్పటి అడుగే.
పాటనే వెడల్పయింది,
గల్లీల నడిచెటోడు బైపాస్ రోడ్డెక్కినట్టు.

మాస్టర్, గీ ముచ్చట మనకెవ్వరు చెప్పలే.

రెండోసారి అందరెత్తుకున్నరు.
నేల గుండ అరికాళ్ళకెక్కింది.
డ్రమ్ము ఏడ పడాల్నో నా కుడిచెయ్యికి తెలుసు;
ఆయనకంటె ఎంట్రికవాసి ముందే
ఖాళీ కుర్చీ వీపు మీద పడ్డది.

బాకా వాయించే ఒమానీ పిల్ల, జుఖా, తిరిగి సూసింది.
చాయ్ కాడ హిందీల అడిగింది: నీకు తెలుసా ఇది?
"మా ఊళ్ళె పెండ్లి పాట" అన్న.
"మా కాలేజిల పట్టాలిచ్చే పాట" అన్నది,
"నల్ల గౌను కాలికి తట్టి పడబోయిన."
ఏ రాజు కోసం కట్టిండ్రో ఏమో.
ఇద్దరం కలిసి జెరసేపు నవ్వినం.

రాత్రి కుర్చీలు ఎనిమిదెనిమిది పేర్చిన, తొమ్మిది దొంతులు.
మాస్టర్ కొడుకు నంబరు ఫోన్ల ఉన్నది.
ఏమని చెప్పాలె? తప్పు వాయించినమనా?
ఆ ఏడ్పులన్ని ఉత్తయేనా?
అక్కడిప్పుడు పన్నెండు దాటింది, పండుకొని ఉంటడు.

బండి తోస్తుంటె చక్రమొకటి
రెండో అడుగుకల్ల కీచుమంటది.
నూనె పెట్టాలె.