ముద్ర

పొద్దున ఆరింటికే కువైట్ సిటీల
కచేరి ముందట లైనుల నిలబడ్డ.
చంకల పచ్చ ఫైలు,
అందుల నాది కాని బతుకు:
డాక్టర్ బోష్త్యాన్ క్రివెత్స్, న్యాయ తత్త్వశాస్త్రం,
నలభై ఒక్క పేజీలు.

కాలేజీల చాయ్ ఇస్త, కాయితాలు మోస్త,
మందూబ్‌కు పోబుద్ధి కాని జాగకల్లా నేనే పోత.
ఎవరి సదువు ఎంత బరువో
నా మోచేతికి ఎరుక.

లైను కదలలే.
కూడబలుక్కుంట సదివిన.

పుట్టిన ఊరు ఇద్రియా అని ఒక్క ముక్క రాసుంది.
తండ్రి పాదరసం గనిల దిగేటోడని,
తల్లి కట్టెపుల్లలు అటిటు ఏసి లేసు అల్లేదని
ఫైలుల లేదు, చాయ్ తాగుకుంట చెప్పిండు.
మా అయ్యది సిరిసిల్లల మరమగ్గమన్న.
ఆయన గాలిల పుల్లలు తిప్పి చూపిచ్చిండు,
నేను నాడె ఉరికిచ్చి చూపిచ్చిన.
ఇద్దరి చాయ్ సల్లారిపోయింది.

చట్టం ఎప్పటిదాంక చట్టం?
గీ ఒక్క ప్రశ్న మీద తొమ్మిదేండ్లు రాసిండు.
తొంభై ఒకటి ఏప్రిల్‌ల లుబ్లియానాల పట్టా ఇచ్చిండ్రు.
జూన్‌ల దేశం పోయింది.
ఆయన పేజీ పేజీకి ఎత్తి చూపిన రాజ్యాంగం
అలమారల అట్లనే ఉంది, అట్ట కూడ చినగలే.
అక్టోబర్‌ల క్లాసుకు పోతే
పిలగాండ్లు అడిగిండ్రట:
సార్, పరీక్షకు ఏ దేశం సదవాలె?

ఆ తర్వాత గ్రాత్స్‌ల ఒక ఏడు, త్రియెస్తెల రెండు.
ప్రొఫెసర్ కుర్చీకి రెండుసార్లు కాదన్నరు.
అన్నేండ్లల్ల ఒక్క పుస్తకం, నూట పన్నెండు పేజీలు.
"గంతేనా సార్?" అన్న.
"ఎక్కువైంది, ముప్పై తీసెయ్యాలె" అన్నడు.
అరవై దాటినంక ఈ ఎండకు వచ్చిండు.

పదకొండు గంటలకు నా వంతు.
దిష్దాషా పిలగాడు పట్టా తిప్పి చూసిండు.
ఈ ముద్ర ఏ దేశంది?
యుగోస్లావియా.
ఆ దేశం ఎంబసీల సాక్ష్యం ముద్ర ఏపిచ్చుకరా.
ఆ దేశం లేదు సాబ్.
దేశం లేకుంటే ముద్ర లేదు, ముద్ర లేకుంటే డాక్టర్ లేడు.
యల్లా, ఎనకున్నోడు రా.

మెట్ల మీద కూసున్న.
నా పాస్‌పోర్టుల కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్.
ఊరు లేచి ఎటూ పోలే.
రాష్ట్రం మారింది, జిల్లా మారింది, నేనీడ ఉండంగనే.
రాష్ట్రమొచ్చిన నాడు హసావిల రూముల
పదకొండు మందిమి సేమియా వండుకున్నం,
పాలు సాలలే.

ఇరవై నంబర్ వీసా మీద దిగి
పద్దెనిమిదికి మారెటాల్లకు నాలుగేండ్లు,
నడుమ పదమూడు నెలలు అకామా లేదు.
చట్టం లెక్కల నేను లేను,
ఆకలి మాత్రం టయానికే అయ్యింది.
గీ ముచ్చట ఒకనాడు సార్‌కు చెప్తే
కప్పు కింద పెట్టిండు.
"ఆ పదమూడు నెలలు నిన్ను ఓదేలు అని
ఎవరన్న పిలిచిండ్రా?"
రూముల అందరు పిలిచిండ్రు సార్,
పోలీసు బండి వస్తే ఇంకా గట్టిగ పిలిచిండ్రు.
హాజరు కాయితం ఎనక ఏందో రాసుకున్నడు.
నవ్వలే.

ఇయ్యాల మాత్రం నవ్విండు, ముద్ర సంగతి ఇని.
తలుపు దగ్గరికేసి పట్టా ఎలుగుకు పట్టిండు.
"గీ ముద్ర గుద్దింది మిలేవ అనే ఆమె.
సిరా ఆరిపోయేది, కొత్త సిరా కొనెటందుకు పైసల్లేకుండె.
గుద్దే ముందట ముద్ర మీద నోటితోటి ఊదేది,
చలికాలం అద్దానికి ఊదినట్టు.
అప్పుడు పడేది."

గుండ్రం అంచు ఒక దిక్కు
నిజంగనే పలచగ ఉంది.

పద్దెనిమిది ఏండ్లయితది నేను కచేరీలు తిరగబట్టి,
ముద్రలల్ల ఊపిరి ఎతకలే ఎన్నడు.

పచ్చ ఫైలు మెత్త కింద పెట్టుకొని పండుకున్న.
రేపు వేరే కౌంటరట, మూడో అంతస్తు.
లిఫ్టు పని చెయ్యదు.