మిరప ఘాటు, ఏడో తరగతి

ఎనుమాములలో గాలి ఎటు తిరిగిందో
మొదట మా బడికే తెలుస్తుంది.

నేను బోర్డు మీద గుండ్రాలు గీస్తున్నాను.
ఒకదాన్నొకటి ఒరుసుకుని కూర్చున్నవి ఘనం.
కదలవనుకోకండి,
ఉన్నచోటే వణుకుతుంటాయి, అచ్చం మీలాగే.
జరుగుతూ, జారుతూ ఉన్నవి ద్రవం.
మూడో బొమ్మ ఇంకా మొదలుపెట్టలేదు,
కిటికీ పక్క బెంచీ దగ్గింది.

తర్వాత రెండో బెంచీ.
తర్వాత నడిమి వరుసలో కవలలు, ఇద్దరూ ఒకేసారి.
చివరాఖర్న కునికే రిత్విక్ దాకా
దగ్గు నడిచి వెళ్లిన దారిని
చాక్‌పీసుతో గీయొచ్చు.
యార్డులో తేజ రకం బస్తాలు విప్పినట్టున్నారు.
ముక్కు మీదికి కొంగు లాక్కుని
"రాసుకోండి" అన్నాను, "వాయువు."

బస్తా అక్కడే ఉంది.
ప్రహరీ గోడ కదల్లేదు, మా గేటు తెరవలేదు.
కంటికి ఆనని మిరప, కణం కణంగా లేచి
గాలి కణాలను గుద్దుకుంటూ, పక్కకు పడుతూ,
ఎవరూ పంపకుండానే
ఎక్కడికో తనకే తెలియకుండానే
మా గొంతుల దాకా వచ్చింది.
దీన్ని వ్యాపనం అంటారు. రెండు మార్కులు.
(గాలి కొంత మోసుకొచ్చింది, నిజమే.
అది వచ్చే పాఠం.)

దగ్గనిది ఒక్క సిరిచందన.
వాళ్లమ్మ నర్సవ్వ యార్డులో తొడిమెలు తీస్తుంది.
"మాకు అలవాటే టీచర్" అంది, తలెత్తకుండా.
కాసేపాగి తలెత్తింది.
"పొద్దుగాల గింత రాదు.
ఎండ ముదిరినంకనే ఉరికొస్తది.
ఎండకు వాటికి కాళ్లు మొలుస్తయా?"

పుస్తకంలో ఆ వాక్యం ఇలా ఉంది:
ఉష్ణోగ్రత పెరిగిన కొలదీ కణముల వేగము పెరుగును.
నేను పుస్తకం మూసేశాను.

స్టీలు గ్లాసులో అంచు దాకా నీళ్లు పోశాం.
బువ్వ వండే అయిలవ్వ దగ్గర ఉప్పు అడిగి తెచ్చాం.
చిటికెడు. ఇంకో చిటికెడు. మెల్లగా ఓ చెంచా.
"ఒలుకుతది, ఒలుకుతది" అంటూ
తరగతంతా బెంచీలెక్కింది.
ఒలకలేదు.

"ఎట్లా పట్టింది?" అన్నాను.
"మా అర్రల ఏడుగురం పంటం టీచర్.
సుట్టమొస్తే ఇంకొకలు పడుతరు.
సందులుంటయి.
బయటికెల్లి చూసెటోళ్లకు అవుపడయి,
పండుకున్నోళ్లకే ఎరుక."

ఎవరూ నవ్వలేదు. నేను ఉప్పు చేతులు దులుపుకున్నాను.

"మరి ఆ కణాల సందుల ఏముంటది?"
ఏమీ ఉండదన్నాను.
"గాలి" అన్నాడు రిత్విక్, అప్పుడే మేల్కొని.
గాలి కూడా కణాలేరా,
దాని సందుల్లోనూ ఏమీ ఉండదు.

పద్నాలుగేళ్లుగా చెబుతున్న జవాబే ఇది.
పరకాలలో చెప్పాను, నర్సంపేటలో చెప్పాను,
బ్లూప్రింటు చూసి ప్రశ్నపత్రంలో పెట్టాను.
ఇవాళ చెప్పి, ఆనుకున్న బల్ల మీంచి
ఎందుకో చెయ్యి తీసేశాను.

"ఏమీ లేనిదాన్ని ఎట్ల గీస్తరు టీచర్?"

చాక్‌పీసు ఆమెకే ఇచ్చాను.
బోర్డు ముందు నిలబడింది.
నా గుండ్రాల వంక చూసింది, వాటి నడుమకు చూసింది,
గీయబోయి ఆగిపోయింది.
చాక్‌పీసు తిరిగి నా చేతిలో పెట్టి
"గీసే ఉన్నది గద.
మీరు ముట్టని జాగంత గదే."

అంతలో లాంగ్ బెల్ కొట్టారు.
ఘనం, ద్రవం అన్నీ ఒక్కసారిగా
తలుపులోంచి వాయువై పోయాయి.
మూడో బొమ్మ అట్లాగే మిగిలింది.

సాయంత్రం హన్మకొండ బస్సులో
ముందు సీటు ముసలాయన తుమ్మాడు.
పక్కనున్న పాప తుమ్మింది. తర్వాత కండక్టర్.
"ఎవలమ్మా, మిరపకాయలు తెచ్చింది?"
ఎవరి దగ్గరా బస్తా లేదు.
నా ఒళ్లో దిద్దాల్సిన నోటుబుక్కులు,
భుజం మీద పొద్దుటి కొంగు.

కిటికీ అద్దం కొంచెం జరిపాను.