అర లీటరు

సోంపేటలో బస్సు దిగి, ఆటో పట్టుకుని
నీలాపుట్టుగ చేరేసరికి తొమ్మిదిన్నర.
సంచిలో పన్నెండు సీసాలు, మంచుగడ్డల పెట్టె,
చిన్న బుడ్డిలో నత్రికామ్లం.
దండాసి ఇంటి బోరు నా జాబితాలో ఏడోది.

ముందు ఐదు నిమిషాలు ఊరికే కొట్టాలి పంపు.
గొట్టంలో నిలవున్న నీరు సాక్ష్యానికి పనికిరాదు,
అడుగునుంచి అప్పుడే పైకొచ్చినదే నిజం చెబుతుందని
మా ల్యాబు నియమం.
బైరమ్మ కొడుతోంది.
ఎర్ర ఇసకలో పడ్డ నీరు పడ్డచోటే ఇంకిపోతోంది.
జీడితోటలోంచి పూత వాసన.

ఆ తర్వాత సీసాని అదే నీటితో
మూడుసార్లు తొలిచి పారబొయ్యాలి.
మూడోసారి ఒంపుతుంటే చూశాను,
అరుగు మీంచి దండాసి కళ్ళు
ఆ ధార వెంటే నేలదాకా దిగి
తడి ఆరేదాకా అక్కడే ఉండిపోయాయి.

"ఎంత పడతాదే పాపా, ఆ సీసాలో?"
అర లీటరు, అన్నాను.
వాచిన కాళ్ళు రాసుకుంటూ నవ్వాడు.
"నా రోజు పట్టుకెలిపోతన్నావు గదే!"

వారానికి రెండుసార్లు పలాసలో
మిషను అతని నెత్తురు కడుగుతుంది.
రోజుకి అర లీటరే తాగమన్నారు,
మాత్రల గుటకా మజ్జిగా అన్నీ అందులోనే.
స్టీలు గ్లాసు లోపల మేకుతో గీత గీసుకున్నాడు.
ముప్పయ్యేళ్ళు కొబ్బరిచెట్లెక్కి దిగి
ఈ పంపు కిందే దోసిలి పట్టినవాడు.

మన భాషలో పాషాణమంటే రాయి.
పాషాణమంటే విషం.
రెండిటికీ ఒకే మాట పెట్టినవాళ్ళెవరో
చీకట్లో రాయి నీటితో ఏం మాట్లాడుతుందో
కొంచెం విన్నవాళ్ళే అయుండాలి.
ఇనుప తుప్పు గట్టిగా పట్టుకున్నంతకాలం
ఆర్సెనిక్ మట్టిలోనే ఖైదు.
గాలాడని లోతులో తుప్పు కరిగిందా,
మెల్లిగా నీళ్ళలోకి జారుతుంది.
ఇనుమైతే కనీసం గిన్నెకి మచ్చ పెట్టి చెబుతుంది.
ఇది నాలిక్కి కూడా చెప్పదు.

ఇరవై రోజులకి ఫలితం వచ్చింది, నేనే తీసుకెళ్ళాను.
సిలికాకి ఒక అంకె. ఫ్లోరైడుకి ఒక అంకె.
ఆర్సెనిక్ గడిలో: గుర్తింపు అవధికి లోపు.
"అంటే నేనట్టేనా?" అంది బైరమ్మ.
లేదని కాదమ్మా, మా యంత్రం చూపు అంతవరకే.
"మరైతే ఈ రోగం ఏటివల్లొచ్చినాది?"
కాగితం అటూ ఇటూ తిప్పాను.
ఆ గడి అందులో లేదు.

ఆవిడ దాన్ని నాలుగు మడతలు పెట్టి
ఆసుపత్రి చీటీల మధ్య దోపింది.
ఎండలో వచ్చానని చెంబుతో నీళ్ళిచ్చింది.
తాగాను.
ఎంత తియ్యగా ఉన్నాయో
దండాసి ముందు అనలేకపోయాను.

ఏడో నంబరు సీసా ఇంకా
మా ఫ్రిజ్జులో మూడో అరలో ఉంది.
మళ్ళీ పరీక్ష అవసరమవుతుందేమోనని
ఆరు నెలలు ఉంచి సింకులో ఒంపేస్తాం.
ఆమ్లం చుక్కలు వేశాను కనక పాడవదు,
వేశాను కనకే ఎవరూ తాగలేరు.
మూత మీద నా రాత: తేదీ, వేళ, అతని పేరు.
ఐదో నెల నడుస్తోంది.
తలుపు తీసినప్పుడల్లా లైటు వెలిగి
మెడ దాకా నిండుగా
అతని ఒక రోజు.