నాలుగింటికల్లా పంపాల

రేపు సాయంత్రం ఆరింటికి బంగారుపాళెంలో సభ.
వార్త మాత్రం నాలుగింటికల్లా తిరుపతి డెస్కులో ఉండాల,
ఆలస్యమైతే జిల్లా పేజీలో మనకు మిగిలేది
సంతాప ప్రకటనల కింద రెండంగుళాలు.
అందుకే ఈ రాత్రే రెండూ రాస్తా ఉండా,
ఆయన మాట్లాడబోయేదీ
ఆయన మాట్లాడేసిందీ.

చిత్తూరులో గాంధీ బొమ్మ వెనక సందు,
హసీనా డీటీపీ షాపు.
షట్టరు సగం దించి, ఫ్యాను నా వైపు తిప్పి
"చెప్పండి సార్" అంటాది.
నేను చెప్తా, ఆమె కొడతాది.
ఇరవై రెండేళ్ళుగా ఇదే పని.
నాయకులు ముగ్గురు మారినారు,
వాళ్ళ గొంతులో నా మాట మారలేదు.

చెంగల్రాయులుకు 'దార్శనికత' నోరు తిరగదు,
పోయినసారి మైకు ముందర అది దర్శనం దగ్గరే ఆగిపోయింది.
'ముందుచూపు' అని మార్చినా.
మండీ వ్యాపారులు వస్తారు కాబట్టి
మొదట్లో రెండు ముక్కలు అరవం.
పదో వరస తర్వాత మూడు చుక్కలు,
అక్కడ నీళ్ళు తాగాల, జనాన్ని చూడాల.
ఆరు చుక్కలున్న చోట
వాళ్ళ నాయన మామిడి తోపు గుర్తుకు రావాల.
వాళ్ళ నాయనది సారాయి అంగడి.
తోపు నేను నాటిందే,
రెండు ఎన్నికల కిందట.
ఇప్పుడు బాగా కాస్తా ఉండాది.

ఇంక ప్రకటన.
"వేలాదిగా తరలివచ్చిన రైతులు
హర్షధ్వానాలతో స్వాగతం పలికారు."
హసీనా నవ్వదు.
ఒక్క బటన్ నొక్కితే ఆ వాక్యం దానంతటదే వస్తాదంట,
నా కోసమే పెట్టుకున్నిందంట.
ఫోటో కూడా సిద్ధం, నిరుడుది.
కండువా రంగు మాత్రం మార్చాల.

ఒక్కచోటే ఆగిపోయినాం.
"తోతాపురి కిలోకు ________ ఇప్పిస్తా."
"తోతాపురి కిలోకు ________ ఇప్పిస్తానని ఆయన ప్రకటించారు."
అంకె పైనుంచి రావాల.
ఫోన్ చేస్తామన్నారు.
తొమ్మిదైంది. పదైంది.

అప్పుడు వచ్చినాడు ఎత్తిరాజులు,
షట్టరు కింద వంగి, పాసుబుక్కు జెరాక్సుకు.
వాళ్ళ తోట మా అత్తగారి ఊరికి పోయే దోవలో.
చొక్కా నిండా మామిడి సొన మరకలు,
ఎన్ని ఉతుకులు ఉతికినా పోనివి.
గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందర ట్రాక్టరు పెట్టి
మూడో రోజంట,
టోకెను నూటా నలభై ఆరంట.
అడుగు కాయలు మెత్తబడి రసం కారతా ఉంటే
ఈగలు తోలను కొడుకును కూర్చోబెట్టి వచ్చినాడంట.

తెర మీదికి తొంగి, కూడబలుక్కుని చదివి
"ఆ గీతలో ఎంతనా?" అన్నాడు.
"ఇంకా తెలీదు."
"తెలిస్తే చెప్పు. గేటుకాడ అందరూ అడగతా ఉండారు."
"రేపు సభకొచ్చి నువ్వే వినొచ్చు గదా."
"యాడొచ్చేదినా. వరస తప్పితే
మళ్ళా మొదటికి పోవాల."

నువ్వు అప్పుడే వచ్చేసినావయ్యా,
చప్పట్లు కూడా కొట్టేసినావు
అని నోటిదాకా వచ్చింది.
జెరాక్సు డబ్బులు నేనిస్తాలే అన్నా.
ఒప్పుకోలా.
నాలుగు రూపాయలు లెక్కబెట్టి బల్ల మీద పెట్టి
వంగి బయటికి పోయినాడు.

పదకొండుకు ఫోను.
"అంకె వొద్దునా. గిట్టుబాటు ధర అని కొట్టించెయ్."
కొట్టింది హసీనా.
గీత ఎంత పొడుగుందో
ఆ రెండు మాటలు సరిగ్గా అంతే పట్టినాయి,
ఎవురో ముందే కొలత తీసినట్టు.

నడిచిపోతా లెక్క వేసినా.
వేలాదిలోంచి ఒకణ్ణి తీసేస్తే
వేలాదే.
గేటు ముందర నూటా నలభై ఆరు మందినీ తీసేసినా
వేలాదే.
ఊరికే ఏరుకున్నానా ఆ మాటను.

దర్గా కాడ టీ అంగడి కట్టేస్తా ఉండారు.
"ఒక టీ" అన్నా.
"చక్కెర ఎన్ని చెంచాలు సామీ?"
అంకె చెప్పేదానికి
నాకు కొంచెం సేపు పట్టింది.