లస్కరు రాసిన పేజీ

రాజోలు లైబ్రరీ మేడమీద ఆదివారం తరగతి.
"జరిగిందే రాయండి" అన్నారు జోస్ఫిన్ టీచరు.
ఇరవైరెండేళ్లుగా నేను రాసిందదే:
లాకు దగ్గర నీటిమట్టం, తేదీ, సంతకం.

అయినా మొదటి కాగితంలో
గోదారి ఉగ్రరూపం దాల్చిందన్నాను.
ఎర్రసిరాతో కొట్టేశారు.
"ఉగ్రరూపం సరేనండీ, మీరు చూసిందేవిటి?"

ఏడో మెట్టు దగ్గర, సుడిలో
రబ్బరు చెప్పు ఒకటి,
పిన్నీసు గుచ్చి అతికించింది,
పోకుండా అక్కడక్కడే తిరుగుతూ.

పత్రికవాళ్లు వేస్తామన్నారు.
రెండు పేజీలు, మూడొందల పారితోషికం.
ఒక్కటే అడిగారు: చెప్పు ఎవరిది?

పంటు దాటి లంకలోకెళ్లి
ఏసుమణికి చదివాను.
పొయ్యి ముందు కూర్చుని చివరిదాకా వింది.
"పిన్నీసు కాదండి, రాగితీగ. నేనే చుట్టేను.
అది దిద్దండి.
అప్పుడు ఆడి పేరు రాయండి."